పుదుచ్చేరి బీచ్ రోడ్డు: రేవు, రాళ్లు, ఇసుక

పుదుచ్చేరికి సహజమైన రేవు లేదు. 1674లో ఫ్రెంచి కంపెనీ ఇక్కడ కుదురుకున్నప్పటి నుంచీ ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరు వేసేవి. సరుకైనా, గవర్నరైనా తాళ్లతో కుట్టిన మసూలా పడవెక్కి కెరటాలు దాటి రావాల్సిందే. నిలువూ అడ్డమూ గీతలు గీసినట్టున్న వీధుల పథకం 17వ శతాబ్దం చివర ఊరు కొన్నేళ్లు డచ్చివాళ్ల చేతిలో ఉన్నప్పటిది. 1761లో ఇంగ్లీషువాళ్లు పట్నాన్ని నేలమట్టం చేశారు. ఫ్రెంచివాళ్లు తిరిగి కట్టుకున్నప్పుడు దాదాపు ఆ గీతల మీదే కట్టారు. అందుకే తెల్లవాళ్ల పేటలో ఏ అడ్డవీధి పట్టుకున్నా తిన్నగా సముద్రం ముందుకే తీసుకొస్తుంది.

ఆ వీధులన్నీ వచ్చి కలిసేది కిలోమీటరున్నర పొడవున్న బీచ్ రోడ్డులో. కాగితాల మీద దాని పేరు గూబర్ అవెన్యూ. దక్షిణం కొసన డ్యూప్లే విగ్రహం ఉంది. అక్కడి నుంచి ఉత్తరంగా నడిస్తే మేరీ అనే పురపాలక భవనం, గాంధీ విగ్రహం, 1836 నాటి లైట్‌హౌస్, కస్టమ్స్ కార్యాలయం, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల స్మారకం, చివరికి సచివాలయం. సాయంత్రం నుంచి మర్నాడు ఉదయం దాకా వాహనాలను రానివ్వరు. తీరం అభివృద్ధి పేరిట దేశంలో కోట్లు పోసి చేసిన పనులు చాలా ఉన్నాయి గాని, రెండు బారికేడ్లు అడ్డం పెట్టి సాధించిన ఈ ఫలితం ముందు అవి తక్కువే. తెల్లవారుజామున ముసలివాళ్లు రోడ్డు నడిమధ్యన నడుస్తుంటారు. బారికేడ్లు తీయగానే మోటారు సైకిళ్లు వచ్చిపడతాయి, అందరూ పేవ్‌మెంటు ఎక్కేస్తారు.

మేరీ పాతదిలా కనిపిస్తుంది గాని పాతది కాదు. 19వ శతాబ్దపు అసలు భవనం 2014 నవంబరు 29న వానల్లో కూలిపోయింది. పాత నమూనా ప్రకారమే, ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచిన తీర విపత్తుల ప్రాజెక్టు కింద మళ్లీ కట్టి 2021లో ప్రారంభించారు. కొత్త స్తంభాలు మరీ నున్నగా, అంచులు మరీ పదునుగా ఉన్నాయి. అయినా ఆ జాగాలో గాజు అద్దాల కార్యాలయం లేవకపోవడం ఊరి అదృష్టం. పడిపోయేదాకా మరమ్మతు చేయకుండా పడ్డాక ఉన్నదున్నట్టు కట్టడం ఎంత ఖరీదైన పద్ధతో చెప్పనక్కర్లేదు.

రేవు సంగతి వేరు. 1866లో ఇనుప జెట్టీ కట్టారు. 1952 తుపాను దాన్ని తీసుకుపోయింది. కాస్త దక్షిణంగా కట్టిన కాంక్రీటు జెట్టీ 1962 నాటికి పూర్తయింది. 2022 మార్చిలో అలల పోటుకు అందులోనూ కొంత భాగం కూలింది. ఇక 1980ల చివర అరియాంకుప్పం నది మొగ దగ్గర రెండు బ్రేక్‌వాటర్లు కట్టి హార్బరు ఏర్పాటు చేశారు. ఊరి తీరం రూపురేఖలు మారింది దానితోనే.

ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వస్తాయి. అవి ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఇసుక వెనక్కి మళ్లుతుంది గాని, ఆ మళ్లేది తక్కువ. దారిలో రాతిగోడ అడ్డం పెడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. అడ్డుపడిన ఇసుకను పంపులతో అవతలికి తోడిపోయాలన్నది మొదటి నుంచీ పథకంలో ఉంది. ఆ పని సక్రమంగా సాగలేదు. బీచ్ రోడ్డు ముందు బీచ్ పోయింది. రోడ్డును కాపాడటానికి నల్లరాళ్లు పోశారు. రాక్ బీచ్ అన్న పేరు ఆ రాళ్లదే. విశాఖ వాసులకు ఇది తెలిసిన కథే: ఔటర్ హార్బరు వచ్చాక ఆర్కే బీచ్‌కి డ్రెడ్జింగు ఇసుక తెచ్చిపోయడం అక్కడ అలవాటైన పని.

పుదుచ్చేరిలో దిద్దుబాటు నీటి అడుగున జరిగింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఆలోచన మేరకు, సచివాలయం ఎదుట సముద్రంలో వందల టన్నుల ఉక్కు దిబ్బను 2018లో ముంచారు. త్రికోణంగా, అలల వైపు వాలుగా ఉండే ఈ దిబ్బ కెరటం బలాన్ని ఒడ్డు చేరకముందే తగ్గిస్తుంది. వెనకనున్న నెమ్మది నీటిలో ఇసుక దిగుతుంది. బయటి నుంచి తెచ్చి పోసిన ఇసుకా దీనికి తోడైంది. గాంధీ విగ్రహం నుంచి సచివాలయం వైపు ఇప్పుడు పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు. రాళ్ల వరస మాత్రం వెనక అలాగే ఉంది: కింది రాళ్లు సగం ఇసుకలో పూడి, పైవి పాచి ఎండి తెల్లబడి. దక్షిణ భాగానికి మరో దిబ్బ వేయాలన్నది ఆ పథకంలో రెండో అంశం.

సచివాలయం దాటాక దృశ్యం మారుతుంది. వైతికుప్పం, కురుచికుప్పం, సోలైనగర్ జాలరి పేటలు. పడవ లాగి నిలపడానికి, వల పరిచి ఆరబెట్టడానికి ఇసుక కావాలి. బీచ్ రోడ్డు రాళ్లు రోడ్డును కాపాడాయి గాని ఆ పేటలకు కావలసిన ఒడ్డును ఇవ్వలేదు. ఇంకా ఉత్తరాన తమిళనాడు గ్రామం తంతిరాయన్‌కుప్పం దగ్గర అడ్డగట్టు వేశాక కోత చిన్నముదలియార్‌చావడి వైపు జరిగింది. అక్కడివాళ్లు తమకూ గట్టు కావాలన్నారు. సందర్శకులు ఇంత దూరం రారు. పర్యాటక కరపత్రాల పటాలు సచివాలయం దగ్గరే ఆగిపోతాయి. తీరప్రణాళికకు హద్దు మాత్రం దక్షిణాన అరియాంకుప్పం మొగ దగ్గర మొదలై ఉత్తరాన ఈ తమిళనాడు పల్లెల దాకా సాగాలి. రెండు ప్రభుత్వాలు కలిసి ఇసుక లెక్క చూడనిదే ఒకచోట పెరిగిన ఒడ్డు మరొకచోట తరుగుతూనే ఉంటుంది.