అమరావతి యాత్ర

కృష్ణాతీరమున అమరావతి యనగానే మన స్త్రీలకు అమరేశ్వరస్వామి జ్ఞప్తికి వచ్చును. కార్తికస్నానము చేసి, మ్రొక్కులు తీర్చుకొని, మరలి వచ్చెదరు. దేవాలయమునకు కొలది దూరముననే రెండువేల యేండ్లకు పైబడిన మహాచైత్యపు దిబ్బయు, చేరువనే పురావస్తు ప్రదర్శనశాలయు కలవని తెలిసియు, అటు పోవువారు తక్కువ. “అచ్చట నేమున్నది, రాళ్లేగదా” యందురు. ఆ రాళ్లను దానమిచ్చినవారిలో మనవంటి గృహిణులును గలరని తెలిసినచో అట్లనరు. పుష్యమాసమున మేము పిల్లలతో గూడ పోయి చూచి వచ్చితిమి. సోదరీమణులకు ఉపయోగించునని కొన్ని సంగతులు వ్రాయుచున్నాము.

ముందుగా నొక హెచ్చరిక. 2015వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన శంకుస్థాపన జరిగిన రాజధానికిని ఈ యూరి పేరే పెట్టిరి. ప్రాచీనమగు అమరావతి దానికి పడమట, నదికి ఎగువన నున్నది. బస్సు ఎక్కునపుడు “గుడి యున్న అమరావతి” యని స్పష్టముగా అడుగవలయును. గుంటూరునుండి లాం, తాడికొండ గ్రామముల మీదుగా సుమారు 35 కిలోమీటర్ల దూరము. దారి పొడుగున నల్లరేగడి చేలు; ఒకవైపు విచ్చిన ప్రత్తి, ఇంకొకవైపు పండిన మిరప. తలకు గుడ్డ చుట్టుకొనిన స్త్రీలు వరుసలు తీరి కాయలు కోయుచుందురు. కళ్లములలో ఎండబోసిన మిరపకాయల ఘాటు బస్సులోనికి వచ్చును. పసిపిల్లలున్నవారు తడిపిన చేతిగుడ్డ దగ్గర నుంచుకొనుట మంచిది.

వేకువనే బయలుదేరి మొదట దేవాలయమునకు పోవలయును. ఇది పంచారామములలో నొకటి. లింగము సుమారు 15 అడుగుల యెత్తు. అందుచేత అర్చకులు పై యంతస్తునుండి అభిషేకము చేయుదురు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లినుండి తమ నివాసము మార్చి ఈ పట్టణమును కట్టించిరి. ఆ కట్టడములకొరకు త్రవ్వుచుండగనే పాతదిబ్బలోని శిల్పములు బయటపడినవి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి వానిని చూచెను.

దర్శనానంతరము స్తూపమునకు పోకముందే ప్రదర్శనశాలకు పోవలయును. స్తూపస్థలమున నేడు మిగిలినది మట్టిదిబ్బయు, దాని చుట్టు నిలిపిన కొన్ని ఫలకములును మాత్రమే. శాలలోని నమూనాను ముందుగా చూచినవారికే, సుమారు 50 మీటర్ల వ్యాసముగల ఆ కట్టడము ఎట్లుండెనో ఊహ కందును. శుక్రవారము శాలకు సెలవు. ఆ దినము పోరాదు.

అమరావతిలో దొరకిన దానశాసనములు ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో నున్నవి. వానిలో రాజుల పేర్లకంటె వర్తకుల, భిక్షుణుల, గృహస్థుల పేర్లే యెక్కువ. స్త్రీలు ఇచ్చిన దానములు అనేకములు. విధికుడను చర్మకారుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారునితో, కుమార్తెలతో గూడి పూర్ణఘటఫలకము నిచ్చెనని యొక శాసనము చెప్పుచున్నది. ఆ పూర్ణఘటమే నేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వచిహ్నమున నిలిచినది. దానము చేయునపుడు కుమార్తెలనుగూడ చెప్పుకొనిన ఆ తండ్రిని మన యిండ్లలో తలచుకొనవలయును. తెలుగున మొదటి మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన “నాగబు” అను పదమును అమరావతి శాసనములోనిదే.

స్తూపముకడ నిలిచినపుడు మా చిన్నది, “మిగిలిన రాళ్లేవి?” అని యడిగెను. జవాబు చెప్పుట సులభము కాలేదు. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించి మదరాసునకు పంపిన వానిలో అనేకములు పిదప లండను చేరి, 1880లో బ్రిటిషు మ్యూజియముపాలైనవి. మరికొన్ని చెన్నై యెగ్మూరు మ్యూజియమున నున్నవి. మదపుటేనుగును బుద్ధుడు శాంతపరచిన ప్రసిద్ధశిల్పము అచ్చటిదే. కాని పరాయివారిని మాత్రమే నిందించి ప్రయోజనము లేదు. ఎన్నియో ఫలకములు ఇచ్చటనే మెట్లకును గోడలకును పోయినవి. కొన్నిటిని సున్నమునకై కాల్చిరి. దూరదేశమునకు పోయిన శిల్పము నేటికిని కంటి కగపడును. కాలి సున్నమైనది ఎన్నటికిని రాదు. ఈ మాట పిల్లలకు చెప్పితిమి. ప్రాచీనశిలలపై మేకుతో పేర్లు గీయు దురలవాటు మన దేశమున నింకను పోలేదు. వెనుకటివారు దానమిచ్చి పేరు చెక్కించుకొనిరి. ఏమియు నీయనివారికి ఆ యాశ యేల?

ఇక చిల్లర సంగతులు. కార్తికమునుండి మాఘమువరకు యాత్రకు అనుకూలము. శివరాత్రికి జనసమ్మర్ద మధికము గనుక శిల్పములు చూడగోరువారు వేరొక దినము పోవుట మేలు. పులిహోర, పెరుగన్నము కట్టుకొని పోవుడు, నీళ్లు విడువకుడు. రాతిపై ఎండ మండును గనుక మధ్యాహ్నము శాలలో గడపి, చల్లబడిన పిదప స్తూపమును, 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహమును చూడవచ్చును. విజయవాడ మీదుగా పోవువారు దారిలో ఉండవల్లి గుహలనుగూడ చూడవలయును. నాలుగంతస్తుల ఆ గుహాలయమున కొండనే తొలిచి మలచిన అనంతపద్మనాభస్వామి శయనించి యున్నాడు. మెట్లు నిటారుగా నుండును గనుక వృద్ధులను చేయిపట్టి ఎక్కింపవలయును.

ఆడపిల్లలను తప్పక తీసికొని పోవుడు. పుణ్యమునకు గుడి యెట్లో, తమ వంశపు స్త్రీలెవరో తెలిసికొనుటకు ఆ రాళ్లట్లు.