దిగని సైకిలు

హాబీ అనే మాటకు మా మాదిగ గేరిల అర్థం లేదు. పని ఉంటే కూలి, లేకుంటే పస్తు. ఈ రెంటి నడుమ ఉత్తగ, ఇష్టంగ, పైస రాకున్నా చేసేది ఒకటుంటదని మా తాతకు తెల్వదు. మా నాయినకు తెల్వదు. నాకు గూడ ముప్పై ఏండ్లు దాటినంకనే తెలిసింది. నేను సర్కారు బడి పంతులును. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ణి. నా హాబీ సైకిలు తొక్కుడు. ఆదివారం పొద్దుగాల లేచి, ఏ పనీ లేకుండ యాభై అరవై కిలోమీటర్లు తొక్కివస్త. ఈ మాట ఇప్పుడు సులువుగ రాస్తున్న గని, మా నాయిన కాలంల మావోడు ఇట్ల తిరిగితే "వీనికేం పొయ్యేకాలమొచ్చింది" అనేటోళ్ళు.

మాది నడిగడ్డ. ఇటు క్రిష్ణ, అటు తుంగభద్ర, నడుమ గద్వాల, అలంపురం. మా తాతది తోలు పని. మోటబాయిలున్న కాలంల బొక్కెనలు, తొండాలు కుట్టేటోడు. ఎడ్లకు వార్లు, ఊరందరికి చెప్పులు ఆయన చేతివే. కరెంటు మోటరొచ్చి మోట పోయింది. ప్లాస్టిక్ చెప్పులొచ్చి తోలు చెప్పులు పోయినయి. నాయిన కాలానికొచ్చేసరికి సగం తోలు పని, సగం కూలి. ఆయన ఎట్లనో పైస పైస కూడబెట్టి పాత సైకిలొకటి కొన్నడు. 1980ల నాటి ముచ్చట.

క్యారేజీకి తోలు కట్ట కట్టుకొని గద్వాల దాంక పోయొచ్చేటోడు. మా గేరి ఊరికి తూర్పున, గద్వాల తొవ్వ పడమట. నడుమ ఊరు. ఊరి మొగదల సైకిలు దిగాలె. రచ్చకట్ట, గుడి, రెడ్డి ఇల్లు దాటెదాంక నెట్టుకుంట పోవాలె. చెప్పులు ఇడిసి హ్యాండిలుకు తగిలియ్యాలె. చెప్పులు కుట్టింది మేమే, చేతిల పట్టుకొని నడిసింది మేమే. బరువుతోని ఉన్న సైకిలును తొక్కుడు కన్నా నెట్టుడు ఎంత కష్టమో నెట్టినోనికే తెలుస్తది. 1955ల అంటరానితనం నేరమని చట్టమొచ్చింది. 1989ల అట్రాసిటీ చట్టమొచ్చింది. ఈ రెండు చట్టాల నడుమనే మా నాయిన సైకిలు నెట్టిండు.

ఇది మా ఒక్క ఊరి సంగతి గాదు, చక్రమున్న ప్రతి బండి సంగతి. 1929ల బాబాసాహెబ్ అంబేద్కర్ చాలీస్‌గాఁవ్ స్టేషన్ల దిగితే టాంగావాళ్ళు ఆయన్ను ఎక్కించుకోమన్నరు. అప్పటికి ఆయన బారిస్టరు. అంటరానోళ్ళ బాధలు విచారించేటందుకు బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ మెంబరు. టాంగా అయితే ఇస్తం, తోలమన్నరు. తోలుడు రాని మహర్ వాడ మనిషొకడు తోలిండు. కల్వర్టు మీద టాంగా తిరగబడి బాబాసాహెబ్ కాలు ఇరిగింది. ఎంత చదివినా బండెక్కేకాడ కులమే అడ్డమొచ్చింది.

నేను సైకిలు నేర్చింది నాయిన సైకిలు మీదనే, నడిమి దండె కింద కాలు దూర్చి, కైంచి తొక్కి. గేరి దాటి పోనియ్యకపోయేది మా అమ్మ. తర్వాత సోషల్ వెల్ఫేర్ హాస్టలు, గద్వాల కోటల డిగ్రీ కాలేజీ, బీఎడ్, 2012 డీఎస్సీ. ఇప్పుడు నౌకరి వనపర్తి దిక్కు, అత్తగారి ఊరు నాగర్‌కర్నూల్ దిక్కు, కన్నోళ్ళు గద్వాల దిక్కు. 2016 అక్టోబర్‌ల ఇవి మూడు జిల్లాలైనయి గని నా కాళ్ళకు ఒక్కటే తొవ్వ.

నా సైకిలును గ్రావెల్ బైకు అంటరు. గొర్రెపొట్టేలు కొమ్ముల్లెక్క కిందికి వంగిన హ్యాండిలు, నలభై మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, చక్రం నడుమ డిస్కు బ్రేకులు. డాంబరు రోడ్డు మీద ఉరుకుతది, మొరం తొవ్వ మీద జారదు. అమెరికాల కాన్సాస్ రాష్ట్రంల ఎంపోరియా అనే ఊర్ల 2006 నుంచి ఇసొంటి మట్టి తొవ్వల మీద 200 మైళ్ళ పందెం పెడుతున్నరు. ఆ పందెం పాత పేరుల అక్కడి ఆదివాసీ తెగ పేరు ముందట "మురికి" అన్న అర్థమొచ్చే మాట ఉండె. నలుగురు నిలదీసినంక 2020ల పేరు మార్చిండ్రు. ఏ దేశమైనా అంతే. మురికి అన్న మాట ఎవరికి అంటగడుతరో చూస్తే ఆ దేశం సంగతి తెలుస్తది.

హైదరాబాదుల ఒకాయన అమ్ముతుంటే నలభై ఐదు వేలకు సెకండ్ హ్యాండుల కొన్న. ఇంటికి తెస్తే నాయిన చుట్టూ తిరిగి చూసి, "ఇంత చదివి, ఇంత నౌకరి చేసి మళ్ళ సైకిలేనారా? మోటరు సైకిలుంది గద" అన్నడు. ఆయన బాధ నాకు తెలుసు. ఆయన లెక్కల సైకిలంటే లేమి, చాకిరి, నెట్టుడు. అది దాటినందుకే ఆయనకు సంబురం. "నాయినా, నువ్వు పనికి తొక్కినవు. నేను పని లేకుండ తొక్కుత" అన్న. "పని లేకుండ ఎందుకు తొక్కుతరు?" అన్నడు. అప్పుడు జవాబు రాలేదు.

జవాబు తొవ్వ మీద దొరికింది. జూరాల ఆనకట్ట మీదికెళ్ళి క్రిష్ణ దాటి ఆత్మకూరు దిక్కు దిగి, ఎడమ కాల్వ కట్ట పట్టుకొని పెబ్బేరు దిక్కు పోతే అటొక వరి మడి, ఇటొక వరి మడి, నడుమ మొరం కట్ట. అక్కడికెళ్ళి వనపర్తి. వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగ నాగర్‌కర్నూల్ పోతే గుట్టలు, బండలు, సీతాఫలం చెట్లు. ఇంకా దక్షిణం పోతే కల్వకుర్తి ఎత్తిపోతల కాల్వలు. దేశంల ఎక్కడ డ్యాము కట్టినా, కాల్వ తవ్వినా పాలమూరు లేబరు గంప మోసినోళ్ళే. మా అత్తగారి గేరిల పూణె పోనోని ఇల్లు లేదు. అసొంటి చేతులు తవ్విన మట్టే ఈ కట్టలు. ఆ మట్టి మీద గంప లేకుండ, గుత్తేదారు లేకుండ పోతుంటే నా ఊపిరి నాకు ఇనబడ్తది.

గని మావోడు ఉత్తగ తిరుగుడు లోకానికి అర్థం గాదు. కొత్త ఊర్ల చాయ్ తాగేటందుకు ఆగితే మొదటి ప్రశ్న "ఏం పని మీదొచ్చినవు?" పనేం లేదంటే నమ్మరు. సారునని చెప్తే "సారు" అని కుర్చీ ఏస్తరు. రెండో ప్రశ్న "ఏ ఊరు?" మూడోది "ఎవరోళ్ళు?" నేను మాదిగోళ్ళమని చెప్త. కుర్చీ గుంజుకునేటోళ్ళు ఇప్పుడు లేరు. మాట గుంజుకుంటరు. గ్లాసు దిక్కు చూస్తరు. పేపరు గ్లాసులొచ్చినంక ఆ ఇబ్బంది గూడ తీరింది వాళ్ళకు.

ఇగ సైకిలు బాగు చేసుకునే సంగతి. మా తొవ్వల మీద సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరుగాయ ఉంటయి. టైర్ల ట్యూబు పెట్టుకొని పోతే పూటకు రెండు పంచర్లు. అందుకే ట్యూబు లేకుండ టైర్ల రబ్బరు పాలసొంటి మందు పోస్త. ముల్లు దిగితే ఆ పాలు గడ్డకట్టి బొక్క మూసుకుంటది. గాలి గట్టిగ కొట్టొద్దు. నా బరువుకు ముప్పై ఐదు, నలభై పాయింట్లు చాలు. అంతకు మించితే గులకరాళ్ళ మీద ఎగిరెగిరి పడ్తది. కాల్వ కట్ట దుమ్ముకు చైను తొందరగ సాగుతది. కొత్త చైను పన్నెండు అంగుళాలకు సరిగ్గ పన్నెండే ఉంటది. అంగుళంల పదహారో వంతు సాగినట్టు తేలితే మార్చాలె. ఆగితే పండ్ల చక్రాలు గూడ తినేస్తది. డిస్కు మీద నూనె చుక్క పడొద్దు. వాన పడ్డ నల్లరేగడిల మాత్రం ఎవ్వడైనా దిగాల్సిందే. నన్ను సైకిలు దింపేది ఆ రేగడి ఒక్కటే.

చక్రం బెండు తీసుడు, చర్రలు కడిగి గ్రీసు పెట్టుడు, ఓరాయిలు, అన్నీ నేనే చేసుకుంట. ఒకసారి పట్నపోళ్ళ గుంపుతోని కలిసి తొక్కిన. తొవ్వల ఒకాయన చక్రం పుల్ల ఇరిగితే సరిచేసి ఇచ్చిన. మసి అయిన నా చేతులు చూసి ఆయన నవ్వి, "మీరు ముందు సైకిల్ షాపుల పనిచేసిండ్రా?" అన్నడు. ఆయన గూడ ఇంట్ల తన సైకిలు తనే కడుగుతడట. ఆయన చేస్తే హాబీ, నేను చేస్తే కులవృత్తి! పాన పట్టిన చెయ్యి ఎవరిదో చూసి పనికి పేరు పెడతది ఈ దేశం.

ఈ టైరు వెనుక గూడ చేతుల కథే ఉంది. 1888ల డన్‌లప్ అనే పశువుల డాక్టరు బెల్‌ఫాస్ట్‌ల గాలి టైరు చేసిండు. యూరపంతా సైకిలెక్కింది. రబ్బరుకు గిరాకి పెరిగింది. కాంగో దేశం అప్పుడు బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత జాగీరు. అడవిల రబ్బరు తేని ఊర్ల మీద సిపాయిలను తోలిండు. నల్లోళ్ళ చేతులు నరికించిండ్రు. 1908 దాంక ఆ జాగీరు నడిసింది. సైకిలు మనిషికి స్వేచ్ఛ ఇచ్చిందంటరు. ఎవరి చేతుల మీదికెళ్ళి ఇచ్చిందో అది గూడ పిల్లలకు చెప్పాలె. నేను చెప్త.

నా సైకిలుకు తోలు సీటుంది. అమ్మినాయన ఏయించింది. 1866ల ఇంగ్లండు బర్మింగ్‌హాంల మొదలైన బ్రూక్స్ కంపెనీది. దాన్ని లోకమంతా గొప్పగ చెప్పుకుంటది. నాయిన ఒకరోజు దాన్ని బొటనేలితోని ఒత్తి, వాసన చూసి, "ఇది చెక్క తోలే" అన్నడు. తంగేడు చెక్క నీళ్ళల్ల లందల ఊనేసిన తోలు ఎట్లుంటదో ఆయనకు తెలుసు. అక్కడ వాళ్ళు ఏ చెట్టు చెక్క వాడుతరో గని పద్ధతి అదే. "నానితే సాగుతది, ఎండితే పగులుతది. కొద్దిగ కొవ్వు రాయాలె, ఎక్కువ రాస్తే మెత్తబడి సచ్చిపోతది" అన్నడు. కంపెనీ కాగితంల ఇంగ్లీషుల రాసింది గూడ అదే. ఆ తోలు వాసనకే మమ్ముల ఊరి బయట పెట్టిండ్రు. అదే తోలు సీమ నుంచొస్తే వేల రూపాయలు! తర్వాత నాయిన మూలకు పడేసిన ఆరె, రంపె తీసి, నా పానాలు పెట్టుకునేటందుకు తోలు సంచి కుట్టిండు. కూలి లేకుండ, ఎవరూ చెప్పకుండ, ఇష్టంగ కుట్టిండు. "ఇదే హాబీ అంటే" అన్న. నవ్విండు.

సైకిలును మన పెద్దలు ఊకె తొక్కలేదు. 1983ల కాన్షీరాం డి.ఎస్.4 తరఫున రెండు కాళ్ళు, రెండు చక్రాల బలమేందో చూపెడతమని ఉత్తరాదిల ఊరూరు సైకిలు యాత్ర తీసిండు. పెట్రోలుకు పైసలు లేని సంఘానికి సైకిలే రథమైంది. 1990ల మొదట్ల తమిళనాడు పుదుక్కోట్టైల అక్షరాలతో పాటు వేల మంది ఆడోళ్ళు సైకిలు నేర్చిండ్రు. పళ్ళర్, పరయ ఆడోళ్ళు గూడ అందుల ఉన్నరు. చదువు, చక్రం ఒక్కటిగ నేర్చిండ్రు. నేను శనివారం సాయంత్రం బళ్ళ పిల్లలకు పంచరు ఏసుడు నేర్పిస్త. ఒక్కటే తట్టల నీళ్ళు, రెడ్డి పిల్లగాడు, గేరి పిల్ల కలిసి ట్యూబు ముంచి బుడగలు ఎతుకుతరు. ఇదేం విప్లవం గాదు. గని ఒక్క నీళ్ళల్ల రెండు చేతులు పడుతున్నయి.

ఇప్పుడు మా ఊర్లకు పోతే నేను రచ్చకట్ట ముందరికెళ్ళి తొక్కుకుంటనే పోత. ఎవరూ ఆపలేదు. రెడ్డి ఇంటికి తాళముంది. వాళ్ళు హైదరాబాదుల ఉన్నరు, గోడ మీద రావి మొలిచింది. అయినా మా నాయిన, డెబ్బైకి దగ్గరబడ్డ మనిషి, ఇప్పటికీ ఆ తాళం ముందు సైకిలు దిగుతడు. "ఎందుకు నాయినా, ఎవరున్నరు?" అంటే, "కాలు దానంతటదే దిగుతది బిడ్డా" అంటడు. గడి కూలినా కాలుకు నేర్పిన భయం కూలలేదు. చట్టాలు రెడ్డిని ఆపినయి గని ఆ కాలు దాంక రాలేదు.

పని లేకుండ ఎందుకు తొక్కుతరని ఆయన అడిగిండు గద. ఆ కాలు కోసం తొక్కుతరు నాయినా. నా కాలుకు దిగుడు రానే రాదు, నా పిల్లలకు అసలు తెల్వదు. నీ కాలు గూడ ఒక్క పొద్దు దిగకుండ ఆ ఇల్లు దాటాలె. నేను పక్కనే తొక్కుకుంట వస్త.