మా యింటి నేపథ్యధ్వని

మా పెద్దవానికి పదునాలుగేండ్లు. సెలవులలో వాడు కంప్యూటరు ముందు కూర్చుండి వీడియో గేములతో ప్రొద్దుపుచ్చుచుండగా నేనెన్నియో పర్యాయములు మందలించితిని. మావారు బడిపంతులు. ఊరి బిడ్డలకు బుద్ధులు చెప్పువారి యింట మన బిడ్డయే యిట్లు కాలము వ్యర్థపుచ్చుచున్నాడని నాకు సిగ్గుగ నుండెడిది. గడచిన వేసవిలో నొకనాడు వాడు నన్ను పిలిచి, "అమ్మా, ఒక్కసారి యిటు వచ్చి చూడు" అనెను.

చూతును గదా, తెరమీద మా పుట్టినిల్లు! అది కోనసీమలోని మండువా యిల్లు. నేను భారత భాగవతములు చదువుకొన్నది ఆ యింటనే. 2019లో మా నాన్నగారు గతించిన పిదప దాని నమ్మివేసిరి, కొన్నవారు పడగొట్టిరి.

అమెరికాలోని వాల్వ్ కంపెనీవారు 1998లో వెలువరించిన హాఫ్ లైఫ్ అను ఆట యొకటి కలదు. ఆడువారు తమకు వలసిన స్థలములను దానిలో తామే కట్టుకొనుటకు హ్యామర్ అను సాధనము కూడ నున్నది. అట్లు కట్టినదానిని మ్యాపు అందురు. మావాడు పాత ఫొటోలు చూచి, మేనమామల నడిగి, స్తంభములు, నూయి, తులసికోట యన్నియు యథాస్థానముల నుంచినాడు. అయినను ఆ యిల్లు నాకు ప్రాణము లేనిదిగ తోచెను. కొంతసేపటికి గాని కారణము తెలియలేదు: అందు చప్పుడన్నది లేదు.

సంస్కృత నాటకములలో తెరవెనుక ధ్వనికి గల విలువ చదివినవారెరుగుదురు. శాకుంతల ప్రథమాంకమున వేటకు వచ్చిన రాజును వారించు తాపసుల కేక మొదట వినబడునది నేపథ్యమునుండియే. ఆ కేకతో అడవి ఆశ్రమమగును. "మన యింటికిని నేపథ్యము కావలెను బాబూ" అంటిని.

అందులకు యాంబియంట్ జెనరిక్ అను నుపకరణ మున్నదని వాడు చెప్పెను. వలసిన చోట దానిని నిలిపి, ఏ ధ్వని ఫైలు వినబడవలెనో, ఎంత బిగ్గరగనో, ఎంత దూరమో వ్రాయవలెను. ఆషాఢమున మా మేనమామగారి మండువాలో వాన చప్పుడు సెల్‌ఫోనున పట్టి, మోనో వేవ్ ఫైలుగ మార్చితిమి. మొదట అంతటను వినబడునట్లు పెట్టగా వంటింటను, నూతికడను, వీధిలోను వాన యొక్కటే తీరున కురిసెను. ఈ యాటలో గోడలు చప్పుడు నాపవు; దూరమొక్కటే తగ్గించును. అందుచే వానకు మండువాయే కేంద్రముగ హద్దు నిర్ణయించితిమి. అప్పుడు వంటింటినుండి వచ్చుకొలది వాన దగ్గరయ్యెను.

ఫైలులో క్యూ పాయింటులను గుర్తులుంచినచో ధ్వని మరల మరల వచ్చును. చివర మొదటితో చక్కగ నతుకవలెను. లేనిచో నతుకుకడ టక్కుమనును. వాన కిది చక్కగ కుదిరినది. నూతిగిలకకు కుదురలేదు. ఎంత తోడినను నిండని బిందెవలె అది కిర్రుమనుచునే యుండెను. కొంతసేపటి కొకసారి మాత్రమే వినబడునట్లు మార్చితిమి.

ఇక మా నాన్నగారి గొంతు. 2018 సంక్రాంతినాడు మావారు తీసిన వీడియోలో అది కొన్ని క్షణములు కలదు. ముందొక దగ్గు, పిమ్మట, "అమ్మాయీ, కాసిని మంచినీళ్ళు పట్టుకురామ్మా", దానికి నా బదులు, "వస్తున్నా నాన్నగారూ." అంతటితో వీడియో ఆగినది. దానిని పడమటిగదిలో నుంచుమంటిని. మావాడు తెలియక మరల మరల వచ్చునట్లు పెట్టెను. నాన్నగారు నీళ్ళడిగిరి. నేను వచ్చుచున్నానంటిని. మరల నడిగిరి. మూడవమారు పిలుచునప్పటికి నేను తటాలున లేచితిని. ఆనాడు బంధువుల సందడిలో నీళ్ళిచ్చితినో, మరచితినో, ఎంత తలచుకొన్నను జ్ఞాపకము రాలేదు. కన్నీరాగలేదు.

మావాడు బెదరి, "తీసివేయనా అమ్మా?" అనెను. వలదంటిని. వాడాలోచించి, గడప దాటినప్పు డొక్కసారియే పలికి యాగునట్లు ట్రిగ్గర్ వన్స్ అను నుపకరణమును గడపకడ నమర్చెను. ఆట మరల మొదలుపెట్టినగాని ఆ పిలుపు తిరిగి రాదు. వాన యెన్నిమార్లు కురిసినను వానయే. మనుష్యుని పిలుపట్లు కాదు.

సోదరీమణులారా! మన యిండ్లలో పెండ్లి ఫొటోలకు కొదువ లేదు. పెద్దల దగ్గు, ఉయ్యాల కిర్రు, తెల్లవారుజామున వాకిట చీపురు చప్పుడు ఎవరు దాచుచున్నారు? చేతిలోని సెల్‌ఫోనుతో నేడే పట్టి యుంచుడు. అంతకు ముందుగ, పిలిచినవారికి నీళ్ళిచ్చి రండు.

మావాని నిప్పుడు మందలించుట తగ్గించితిని.