ఆ పడవ నంబరు కథ

పగలంతా జావాలోనో సీ షార్ప్‌లోనో కోడ్ రాసి ఇంటికొచ్చిన మీతో ఒక మాట చెప్పాలనుంది. మెషిన్ లెర్నింగ్ అనగానే "అది మన పని కాదులే, పీహెచ్‌డీలు చేసినవాళ్లది" అని పక్కకు తప్పుకుంటారు కదూ? హైదరాబాద్‌లో చెయ్యి తిరిగిన డెవలపర్లే ఈ మాట అనడం విన్నాను. వద్దండీ, తప్పుకోకండి.

ఇంతకీ భయపెట్టేదేమిటి? ఒక పనికి పది పద్ధతులుంటాయి: డెసిషన్ ట్రీ, రాండమ్ ఫారెస్ట్, గ్రేడియంట్ బూస్టింగ్... ఒక్కోదానికీ బోలెడు సెట్టింగులు. చెట్టు ఎంత లోతుకు పోవాలి, ఎన్ని చెట్లుండాలి, ఎంత నెమ్మదిగా నేర్చుకోవాలి. పులుసులో చింతపండు ఎక్కువైతే బెల్లం వెయ్యాలి, బెల్లం పడితే మళ్లీ ఉప్పూ కారం చూసుకోవాలి. ఇదీ అంతే, ఒకటి కదిపితే రెండోది కదులుతుంది. అనుభవం ఉన్నవాళ్లకే రోజులు పడతాయి.

ఆ రుచి చూసి సరిచేసే పనిని యంత్రానికి అప్పగించడమే ఆటోఎంఎల్. 2013లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఆటో-వెకా తెచ్చారు. ఏ పద్ధతి, ఏ సెట్టింగు అన్న రెండు ప్రశ్నల్నీ కలిపి ఒకే వెతుకులాటగా మార్చారు. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ నుంచి ఆటో-స్కిలెర్న్ వచ్చింది. పాత డేటాసెట్ల మీద ఏది బాగా పనిచేసిందో గుర్తుపెట్టుకుని, వెతుకులాట అక్కడే మొదలుపెడుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంఎల్ డాట్ నెట్ 2018లో బయటికొచ్చింది. విజువల్ స్టూడియోలో దాని మోడల్ బిల్డర్‌కు టేబుల్ చూపించి, ఏ కాలమ్‌ను ఊహించాలో, ఎన్ని సెకన్లు వెతకాలో చెబితే చాలు. చివరికి మీకు అలవాటైన సీ షార్ప్ కోడే చేతికిస్తుంది.

ఇంత సులువైతే ఇక మన బుర్రతో పనేముంది అంటారా? దానికే టైటానిక్ సంగతి చెబుతాను.

1912లో మునిగిన ఆ ఓడ ప్రయాణికుల టేబుల్ ఒకటి ఈ విద్య నేర్చుకునేవాళ్లలో బాగా వాడుకలో ఉంది. 1309 మంది ప్రయాణికులు, 14 కాలమ్‌లు. ఎవరు బతికారో ఊహించాలి. బతికినవాళ్లు 500 మంది. అంటే ఏమీ నేర్చుకోకుండా "అందరూ పోయారు" అన్నా నూటికి దాదాపు 62 ఒప్పవుతాయి. ఆటోఎంఎల్‌కు టేబుల్ ఉన్నదున్నట్టు ఇచ్చేయండి, నూటికి 95 పైనే వస్తుంది. పొంగిపోకండి. ఆ 14 కాలమ్‌లలో "బోట్" అని ఒకటుంది. అది ప్రయాణికుడు ఎక్కిన లైఫ్‌బోటు నంబరు. పక్కనే "బాడీ" అని ఇంకోటి, దొరికిన మృతదేహానికి ఇచ్చిన నంబరు. పడవ నంబరు ఉన్నవాళ్లు ఇంచుమించు అందరూ బతికారు. మరి ఓడ రేవు దాటేటప్పుడు ఆ నంబరు ఎవరి దగ్గరుంది? ఎవరి దగ్గరా లేదు. అంతా అయిపోయాక రాసిన జవాబు ప్రశ్నపత్రంలోనే కూర్చుంది. యంత్రం దాన్నే చూసి రాసింది. దీన్నే డేటా లీకేజీ అంటారు.

మన ఆఫీసు టేబుళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి. అప్పు ఎవరు ఎగ్గొడతారో ముందే పసిగట్టాలనుకోండి. "వసూలు ఏజెంటుకు అప్పగించిన తేదీ" అన్న కాలమ్ నిండేదే వాయిదాలు తప్పాక. ఆ సంగతి టేబుల్ చూసినంత మాత్రాన ఏ పీహెచ్‌డీకీ తెలియదు. ఏ స్క్రీన్‌లో ఏ బటన్ నొక్కితే ఆ గడి నిండుతుందో తెలిసింది ఆ కోడ్ రాసిన మీకే. అందుకే అంటున్నాను, ఇది మీ పనే.

ఈ వారం మీకు బాగా తెలిసిన టేబుల్ ఒకటి తీసుకోండి. ఒక్కో కాలమ్ పక్కన అది ఎప్పుడు నిండుతుందో పెన్నుతో రాయండి. ఊహించాల్సిన క్షణం తర్వాత నిండేవన్నీ కొట్టేయండి. ఏమీ నేర్వకుండా ఒకే జవాబు చెబితే నూటికి ఎన్ని ఒప్పవుతాయో లెక్కేసి పెట్టుకోండి. ఆ తర్వాతే యంత్రానికి ఇవ్వండి. వచ్చిన అంకె 95 కాకుండా 78 అయినా సరే, దాన్ని నమ్మొచ్చు.