నీటి అడుగున అన్నయ్య

మా ఊరు పాతపట్నం. మహేంద్రతనయ చెంతనే పారుతుంది. పర్లాకిమిడి కూతవేటు దూరం. నా చిన్నతనంలో సముద్రాన్ని కన్నులారా చూసినవారు మా వీధిలో కొద్దిమందే. అటువంటి ఊరినుండి మా అన్నయ్య నౌకాదళంలో చేరి, జలాంతర్గామి విభాగానికి ఎంపికైనాడు. "నీటి మీది ఓడ చాలదా నాయనా, అడుగున దేనికి?" అని అమ్మ అడిగితే నవ్వి ఊరుకొన్నాడు.

విశాఖ సాగరతీరాన ప్రదర్శనశాలగా మారిన 'కురుసుర'ను నాకు చూపించినవాడు అతడే. 1969 నుండి 2001 వరకు సేవచేసిన జలాంతర్గామి అది. గుండ్రని ద్వారాలగుండా నడుము వంచి దూరుతుంటే మా యింటి ధాన్యపు గాదె గుర్తుకు వచ్చింది. దానిది డీజిలు ఇంజను. ఇంజనుకు గాలి కావాలి కనుక, బ్యాటరీలను ఛార్జి చేసుకొనడానికి అది నీటి పైభాగానికి రాక తప్పదు. శత్రువు కంటబడేది అప్పుడే. అణుజలాంతర్గామికి ఆ ఇక్కట్టు లేదు. రియాక్టరులో యురేనియం పరమాణువులు విచ్ఛిన్నం కాగా పుట్టిన వేడి నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి టర్బైనును తిప్పుతుంది. గాలితో పనిలేదు. మంచినీటిని, ప్రాణవాయువును సముద్రజలంనుండే సమకూర్చుకొంటుంది.

"మరి పైకి వచ్చేది దేనికి?" అన్నాను.

"బియ్యం నిండుకొంటే" అన్నాడు అన్నయ్య.

2012 ఏప్రిల్ 4న, రష్యానుండి పదేళ్ల కౌలుకు తెచ్చిన అణుజలాంతర్గామి 'ఐ.ఎన్.ఎస్. చక్ర' పేరుతో విశాఖలో నౌకాదళంలో చేరింది. 1988లో సోవియట్ యూనియన్‌నుండి మూడేళ్లకు తెచ్చుకొన్న తొలి అణుజలాంతర్గామిదీ ఇదే పేరు. అణుశక్తితో నడిచేదే గాని, అణ్వాయుధాలు మోసేది కాదు. శత్రునౌకలను వేటాడటమే దాని పని. పత్రికలో బొమ్మ చూసి "ఇందులోనేనా వాడు?" అన్నది అమ్మ. తానున్న నౌక పేరు అన్నయ్య ఏనాడూ చెప్పలేదు. నెలల తరబడి ఉత్తరం లేదు, ఫోను లేదు. ఆ మౌనం కూడా కొలువులో భాగమేనని నేను సరిపెట్టుకొన్నాను. అమ్మ మాత్రం నీలమణి దుర్గమ్మకు మొక్కుకొన్నది.

నేను దాచిన సంగతి ఒకటున్నది. 2008 నవంబరులో ఆ నౌకే 'నెర్పా' అనే పేరుతో సముద్రంలో పరీక్షలు జరుపుకొంటుండగా, మంటలార్పే వాయువు విడుదలై 20 మంది ఊపిరాడక మరణించారు. ఆ నౌకను మన దేశానికి ఇవ్వనున్నారని ఆ వార్తలోనే ఉన్నది. ఆ పత్రికను మడచి అటక మీద పెట్టాను.

2021లో చక్ర రష్యాకు తిరిగివెళ్లింది. ఆ మరుసటి ఏడు అన్నయ్య పదవీవిరమణ చేసి ఇల్లు చేరాడు. మొక్కు తీర్చుకొని గుడినుండి నడచివస్తూ అమ్మ నెమ్మదిగా అన్నది: "అటక మీది కాగితం అప్పుడే చూశానురా. నువ్వు బెంగపడతావని ఊరుకొన్నాను."