మంచుకొండల మీద సినిమా

ఆస్ట్రియా దేశంలో, ఆల్ప్స్ పర్వతాల నడుమ, సాంక్ట్ ఆంటన్ అనే చిన్న వూరున్నది. దాని ఎత్తు దాదాపు 4,300 అడుగులు. 1884లో కొండను తొలిచి, 6 మైళ్ళకు పైగా సొరంగం వేసి, ఆ దారిన రైలు నడిపారు.

శీతకాలంలో అక్కడ మంచు విపరీతంగా పడుతుంది. మామూలు జోళ్ళతో అడుగు వేస్తే, దమ్ము చేసిన మడిలో లాగా కాలు దిగబడిపోతుంది. అందుకని కాళ్ళకు స్కీలనే పొడుగాటి పలకలు కట్టుకుంటారు. బరువు పలక పొడవునా పరుచుకోవటంచేత మనిషి మంచులో కూరుకుపోడు. పైగా కొండవాలున రివ్వున జారిపోతాడు.

1907లో హానెస్ ష్నైడర్ అనే యువకుడు ఈ వూళ్ళో స్కీ పంతులుగా చేరాడు. అప్పట్లో చాలామంది నిటారుగా నిలబడి జారేవారు. మోకాళ్ళు బాగా వంచి, ఒళ్ళు ముందుకు వాల్చి, వేగంగా పోతూనే మలుపు తిరగటం అతను నేర్పాడు.

జర్మనీలో ఆర్నోల్డ్ ఫాంక్ అనే ఆయన వుండేవాడు. ఆయన చదివింది భూగర్భశాస్త్రం. ప్రాణమంతా కొండల మీదా, కామెరా మీదా! 1920లో ఆయన స్కీల వింతలను గురించి ఒక మూకీ చిత్రం తీశాడు. అందులో ష్నైడర్ చేత స్కీ చేయించాడు. బరువైన కామెరాలను మంచుకొండల మీదికి మోసుకుపోయి తీసిన చిత్రం అది.

స్కీలవాడు కళ్ళముందు మెరుపులా పోతే, ఎలా మలుపు తిరిగాడో ఎవరికి తెలుస్తుంది? దీనికి ఫాంక్ ఒక ఉపాయం వాడాడు. కామెరా సెకనుకు 160 బొమ్మలు తీసిందనుకోండి. వాటిని సెకనుకు 16 చొప్పున తెరమీద చూపితే, 1 సెకను పని 10 సెకన్లు పడుతుంది! అప్పుడు మోకాలు ఎప్పుడు వంగిందీ, బరువు ఏ కాలిమీదికి మారిందీ తాపీగా చూడవచ్చు. సాంక్ట్ ఆంటన్ ముఖం చూడనివారు కూడా ఆ పాఠం చూశారు. 1930లో ష్నైడర్ జపాను వెళ్ళి అక్కడి వారికి స్కీలు నేర్పాడు.

1931లో ఫాంక్ తీసిన మరో చిత్రంలో, ఒక పొడుగు వడ్రంగీ, ఒక పొట్టి వడ్రంగీ స్కీలు నేర్చుకోబోయి పడే అవస్థలు చూస్తే కడుపుబ్బ నవ్వు వస్తుంది.

అయితే 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించారు. వారిని వ్యతిరేకించినందుకు ష్నైడర్‌ను ఖైదు చేశారు. మరుసటి సంవత్సరం అతను కుటుంబంతో అమెరికా చేరాడు. నార్త్ కాన్వే అనే వూళ్ళో రైలు దిగేసరికి, బడిపిల్లలు స్కీ కర్రలను పైకెత్తి తోరణంలాగా పట్టుకుని నిలబడి వున్నారు. సొంత వూరు పోగొట్టుకున్న పంతులు ఆ తోరణం కింద నడిచి, కొత్త వూళ్ళో మళ్ళీ పాఠాలు మొదలుపెట్టాడు.

ష్నైడర్ 1955లో చనిపోయాడు. కాని ఆ పాత చిత్రాలను ఆడించినప్పుడల్లా, అతను సాంక్ట్ ఆంటన్ కొండమీంచి కుర్రవాడిలాగా జారి వస్తూనే వుంటాడు.