చలికాలపు డిస్కౌంట్‌ను ఎందుకు వదులుకున్నాం

మిన్నియాపాలిస్‌లో జనవరి వస్తే ఇంటి కప్పు వేసేవాళ్లకు పనులుండవు. అందుకే ధర తగ్గిస్తారు. మా ఇంటికి మే నెలలో అయితే 15,000 డాలర్లన్న కాంట్రాక్టరే, వెంటనే చేయించుకుంటే 13,300కి చేస్తానన్నాడు. 1,700 మిగులు. ఇంటి అప్పు, పిల్లల డేకేర్ ఫీజు కట్టాక మా చేతిలో ఉండేదెంతో తెలుసు కాబట్టి, ఆ అంకె నన్ను బాగానే ఊరించింది.

సంతకం పెట్టేముందు అతనిచ్చిన శాంపిల్ షింగిల్‌ను రాత్రంతా గరాజ్ బయట ఉంచాను. పొద్దున్నే వంచబోతే అంచు దగ్గర పగులు తేలి, పైనున్న ఇసుక రవ్వలు అరచేతిలో రాలాయి. అసలు సమస్య మాత్రం జిగురుది. తారు షింగిల్స్‌కు ఒక జిగురు పట్టీ ఉంటుంది. ఎండకు కప్పు దాదాపు 70 డిగ్రీల ఫారన్‌హీట్‌కు వేడెక్కితేనే అది మెత్తబడి, పై వరుసనూ కింది వరుసనూ కలిపి పట్టుకుంటుంది. జనవరిలో మాకంత వేడి ఎక్కడిది? ఎండలు ముదిరేదాకా ఆ షింగిల్స్‌ను ఆపేవి మేకులే. ఈలోగా పెద్ద గాలి వస్తే అంచులు లేస్తాయి. జిగురు పట్టీకి దుమ్ము పట్టిందంటే, తర్వాత ఎంత ఎండ కాసినా సరిగా అతుక్కోదు.

దీనికి విరుగుడు ఉంది. ప్రతి షింగిల్ కిందా తారు సిమెంటును చేత్తో చుక్కలుగా పెట్టాలి. చలిలో వేసేటప్పుడు తయారీ కంపెనీలు చెప్పేదీ అదే. ఆ పని కాగితం మీద రాసివ్వమంటే 900 అదనమన్నాడు. 1,700 కాస్తా 800 అయింది. పెట్టారో లేదో కింద నిలబడి చూస్తే తెలియదు కనుక, 1,500 ఆపుకుని కప్పు అతుక్కున్నాక మేలో ఇస్తానన్నాను. కుదరదన్నాడు. ఆ పూచీ అతను తీసుకోనప్పుడు నేనెందుకు తీసుకోవాలి?

ఆగితే ఖర్చు లేకపోలేదు. చిమ్నీ పక్కన కారుతున్న చోట రేకు మార్పించడానికి 450 అయింది. ఆ 15,000 నాలుగు నెలలు 4 శాతం సేవింగ్స్ ఖాతాలో ఉంటే వచ్చేది 200. లెక్క తేల్చితే ఆగినందుకు దాదాపు 1,050 ఎక్కువ. తెలిసే ఇచ్చాను. పాతికేళ్లు ఉండాల్సిన కప్పు మొదటి వసంతానికే లేచిపోతే, అది నాసిరకం పని కిందికి వస్తుంది. కంపెనీ వారంటీ సరుకులో లోపానికే తప్ప దానికి వర్తించదు.

అందరూ ఆగాలని కాదు. మాడిసన్‌లో ఉన్న మా బావమరిది ఇంటికి డిసెంబర్ గాలికే కప్పు ఒకవైపు ఊడిపోయింది. అతను ఆగితే మంచు కరిగిన నీళ్లన్నీ ఇంట్లోకే. వెంటనే వేయించాడు. చేత్తో జిగురు పెట్టాలనీ, వరుస వరుసకూ ఫోటోలు ఇవ్వాలనీ, చివరి వాయిదా వసంతంలో కప్పు చూశాకే అనీ ఒప్పందంలో రాయించాడు. అతని కాంట్రాక్టర్ మారుమాట్లాడకుండా సంతకం చేశాడు.